ఉగ్రవాదాన్ని విమానం ఓడించగలదా?

ఈసారి విభక్తులు లేవు, కూరగాయల పేర్లు లేవు. ఒక వాదన ఉంది. కొంచెం పెద్ద పాఠం. నాలాగే ఇంగ్లీషు మీడియంలో చదివి, పెద్దయ్యాక తెలుగు రాయడం నేర్చుకుంటున్నవాళ్ళు మెల్లగా చదవండి. కష్టమైన మాట వచ్చినప్పుడు అక్కడే విడమరిచి చెబుతాను.

డెగ్గెన్‌డార్ఫ్ చిన్న ఊరు. డాన్యూబ్ నది ఒడ్డున ఉంది. ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీ వల్ల మన పిల్లలు చాలామంది వస్తున్నారు. నేను గుడి పనుల్లో సాయం చేస్తాను. పూజ అయ్యాక పులిహోర తింటూ వాళ్ళు మాట్లాడుకునేది వింటాను. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అప్పటినుంచి పిల్లల మాటల్లో ఒక వాక్యం మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది: "అంకుల్, ఇంకో వారం బాంబులు వేసి ఉంటే పీడ విరగడయ్యేది."

"పీడ విరగడవడం" మంచి తెలుగు పలుకుబడి. పట్టుకున్న కష్టం పూర్తిగా వదిలిపోవడం అని అర్థం. నా ప్రశ్న ఆ మాట గురించే. బాంబులతో పీడ విరగడవుతుందా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విమానం ఒక సైన్యాన్ని దెబ్బ తీయగలదు. ఒక జాగాను ఖాళీ చేయించగలదు. దాని వెనక ఉన్న ఉద్యమాన్ని మాత్రం ఓడించలేదు. ఆ పని నేల మీద, జనం మధ్య, చాలా నెమ్మదిగా జరుగుతుంది. ఇది మెత్తటి మనసుతో చెప్పే మాట కాదు. మన తెలుగు జిల్లాల చరిత్ర చదివి చెబుతున్నాను.

ముందు రెండు మాటలు. "తీవ్రవాది", "ఉగ్రవాది". తీవ్రం అంటే హద్దు దాటినది, ఘాటైనది. తీవ్రమైన జ్వరం అంటాం. ఉగ్రం అంటే భయం పుట్టించే కోపం. ఉగ్రనరసింహుడు అంటాం. తెలుగు పత్రికలు నక్సలైట్లను ఎక్కువగా తీవ్రవాదులు అంటాయి. బజారులో బాంబులు పెట్టేవాళ్ళను ఉగ్రవాదులు అంటాయి. రెండింటి చివరా "వాదం" ఉంది చూడండి. వాదం అంటే ఒక ఆలోచన, ఒక నమ్మకం. మనిషి మీద బాంబు పడుతుంది. వాదం మీద ఎలా పడుతుంది?

ఇప్పుడు మూడో మాట: రజాకార్. ఈ మాటకు అసలు అర్థం స్వచ్ఛంద సేవకుడు, అంటే వాలంటీరు. గుడిలో నేను చేసే పనికి కూడా ఆ మాట సరిపోతుంది. కానీ తెలంగాణలో ఈరోజుకీ అది తిట్టు. 1947, 48ల్లో ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు నిజాం రాజ్యాన్ని విడిగా ఉంచాలని ఊళ్ళ మీద పడ్డారు. దోచుకున్నారు, ఇళ్ళు తగలబెట్టారు, చంపారు. మా అమ్మమ్మది సూర్యాపేట దగ్గర పల్లె. ముసలితనంలో కూడా ఆమె ఆ మాట పలికేటప్పుడు గొంతు తగ్గించేది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. వైమానిక దళం టెంపెస్ట్ విమానాలు పైనుంచి అండగా ఎగిరాయి. 17న నిజాం లొంగిపోయాడు. అయిదు రోజులు! మన పిల్లలకు నచ్చే కథ ఇది. "చూశారా, దెబ్బ గట్టిగా పడితే అయిపోతుంది" అంటారు.

కానీ ఆ కథను రెండు వైపులా చదవాలి. రజాకార్లు ఎందుకు అంత తొందరగా మాయమయ్యారు? వాళ్ళకు నిజాం ప్రభుత్వం అండగా ఉంది. ఆ అండ కూలగానే వాళ్ళూ కూలారు. పల్లెల్లో వాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళు లేరు, దాచేవాళ్ళు లేరు. చెట్టు కాదు అది, గోడకు ఆనించిన కట్టె. గోడ తీస్తే పడిపోయింది.

అదే సమయంలో, అవే జిల్లాల్లో, ఇంకొక సాయుధ ఉద్యమం ఉంది. కమ్యూనిస్టులది. పల్లె జనం వాళ్ళను "సంఘం" అనేవాళ్ళు. సంఘం అంటే కలిసి ఉన్న జనం. రజాకార్లను అయిదు రోజుల్లో ఓడించిన అదే సైన్యం సంఘం మీద మూడేళ్ళు పోరాడింది. 1951 అక్టోబర్‌లో పార్టీయే పోరాటాన్ని విరమించింది. ఆ మూడేళ్ళలో తుపాకులు మాత్రమే పని చేయలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టారు. తర్వాత ఎన్నికలు వచ్చాయి. 1952లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్ళారు. తుపాకీ పట్టిన ఉద్యమం ఓటు పెట్టె దగ్గరికి నడిచింది. ఇది ఓటమా, గెలుపా అన్నది మీరే ఆలోచించండి. ఒకటి మాత్రం నిజం. హింస ఆగింది.

ఇంకొక చేదు విషయం కూడా చెప్పాలి. "పోలీసు చర్య" అని పిలిచిన ఆ అయిదు రోజుల తర్వాత, రజాకార్లతో ఏ సంబంధమూ లేని మామూలు ముస్లింలను చాలా చోట్ల చంపారు. పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల వరకు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. దెబ్బ తీసేటప్పుడు ఎవరు తీవ్రవాది, ఎవరు పక్కింటివాడు అన్న తేడా ఎంత తొందరగా చెరిగిపోతుందో మన సొంత గడ్డ మీదే చూశాం.

స్వతంత్ర భారతదేశం తన పౌరుల మీద విమానాలతో బాంబులు వేసిన సందర్భం ఒకటుంది. 1966 మార్చి 5, మిజోరం కొండల్లో ఐజ్వాల్ పట్టణం. మిజో నేషనల్ ఫ్రంట్ తిరుగుబాటు చేసింది. విమానాలు వచ్చి ఆ పట్టణం మీద దాడి చేశాయి. ఇళ్ళు, బజార్లు కాలిపోయాయి. పట్టణం ప్రభుత్వం చేతికి తిరిగి వచ్చింది. విమానం చేయగల పని అక్కడితో అయిపోయింది.

ఆ తిరుగుబాటు ఎప్పుడు ముగిసింది? 1986 జూన్ 30న, ఒప్పందం మీద సంతకాలు పెట్టినప్పుడు. ఇరవై ఏళ్ళు పట్టింది. తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు. అసలు ఆ ఉద్యమం ఎలా పుట్టిందో తెలుసా? 1959లో వెదురు పూత పూసింది, ఎలుకలు పెరిగి పంటలు తినేశాయి, కరువు వచ్చింది. కరువు సాయం కోసం పెట్టిన సంఘమే తర్వాత తుపాకీ పట్టింది. అన్నం అడిగినప్పుడు వినని చెవి, బాంబు వేశాక వినిపించుకోవడానికి ఇరవై ఏళ్ళు తీసుకుంది.

ఇక నాలుగో మాట. ఇది మనందరికీ తెలిసిన మాట: అన్న. తెలంగాణ, ఆంధ్ర అడవి పల్లెల్లో చాలాకాలం నక్సలైట్లను జనం "అన్నలు" అనేవాళ్ళు. "రాత్రి అన్నలు వచ్చారు" అంటే అర్థం అందరికీ తెలుసు. కొందరు ప్రేమతో అన్నారు, కొందరు భయంతో అన్నారు. అన్నలు చంపినవాళ్ళలో పేదవాళ్ళూ ఉన్నారు, గిరిజనులూ ఉన్నారు. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి ఊరి మధ్యలో ఎందరినో చంపారు. దాన్ని నేను కప్పిపుచ్చను. కానీ జనం ఒక మనిషిని చుట్టరికంతో పిలుస్తున్నంత కాలం, ఆ మనిషి ఎక్కడున్నాడో పైలట్‌కు ఎవరు చెబుతారు?

2010 ఏప్రిల్ 6న దంతెవాడ జిల్లాలో మావోయిస్టులు 76 మంది జవాన్లను చంపారు. అప్పుడు దేశమంతా ఒకటే మాట: వైమానిక దళాన్ని దింపండి. అప్పటి వైమానిక దళాధిపతి పి.వి. నాయక్ దానికి ఒప్పుకోలేదు. తమ ఆయుధాలు శత్రు దేశం కోసం తయారైనవి, సొంత జనం మధ్య వాడేవి కావన్నది ఆయన వాదన సారం. ఆ మాట అన్నది శాంతి కార్యకర్త కాదు, విమానాలు నడిపించే మనిషి. అందుకే నాకు దాని మీద గౌరవం. ఇటీవలి ఏళ్ళలో బస్తర్ పల్లెవాళ్ళు డ్రోన్లతో బాంబులు వేశారని ఆరోపించారు. పోలీసులు కాదన్నారు.

మీలో ఒకరు అడుగుతారని తెలుసు: "మరి మావోయిస్టులను బలంతోనే కదా దెబ్బ తీశారు?" నిజమే. కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2026 మార్చి 31 గడువు పెట్టారు. 2025 మే 21న పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. అక్టోబర్‌లో మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో కలిసి లొంగిపోయాడు. బలం పాత్ర చాలా ఉంది. కానీ అది ఏ బలం? 1989లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు మొదలుపెట్టిన గ్రేహౌండ్స్ లాంటి, నేల మీద నడిచే బలం. దానితో పాటు రోడ్లు, సెల్‌ఫోన్లు, లొంగుబాటు పథకాలు, చదువుకున్న పిల్లలు. అన్నలను అన్నా అని పిలవడం ఆపేసిన ఒక తరం.

కేశవరావు ఊరు చూడండి. శ్రీకాకుళం జిల్లా. 1970 జులైలో అదే శ్రీకాకుళం ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కాల్పుల్లో చనిపోయారు. సత్యం బడి పంతులు. ఉద్యమం అయిపోయిందన్నారు. అదే ఏడాది గిరిజనుల భూమిని ఇతరులకు పోకుండా కాపాడే 1/70 చట్టం వచ్చింది. అది మంచి చట్టం, కానీ కాగితం మీద ఉన్నంత గట్టిగా నేల మీద నిలబడలేదు. తర్వాత అదే జిల్లా నుంచి ఒక కుర్రవాడు వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళి, అక్కడినుంచి అడవికి వెళ్ళి, 2018లో పార్టీకి పెద్ద అయ్యాడు. నాయకులను చంపడం, ఉద్యమాన్ని ముగించడం రెండు వేరు పనులు. మొదటిదానికి ఒక రోజు చాలు. రెండోదానికి భూమి, బడి, కోర్టు, తెలుగు రాని గిరిజనుడి మాట వినే అధికారి కావాలి.

ఇప్పుడు "అవును, కానీ" అనే వాళ్ళకు జవాబు. మొసూల్ సంగతి ఏమిటి? 2014 జూన్‌లో ఐసిస్ ఆ నగరాన్ని పట్టుకుంది. యజీదీలను చంపింది, ఆడవాళ్ళను బానిసలుగా అమ్మింది. ఆ ఘోరం నుంచి పారిపోయి వచ్చిన యజీదీలు జర్మనీలో చాలామంది ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి "బాంబులు వద్దు" అని నేను అనలేను. 2014 ఆగస్టులో సింజార్ కొండ మీద చిక్కుకున్నవాళ్ళు బతకడానికి విమానాలు సాయపడ్డాయి. ఉద్యమం జెండా పాతి, పన్నులు వసూలు చేసి, ట్యాంకులు నడుపుతుంటే అది ఒక రాజ్యం. రాజ్యం మీద విమానం పని చేస్తుంది. అయినా మొసూల్‌ను తిరిగి పట్టుకోవడానికి ఇరాక్ సైనికులు తొమ్మిది నెలలు వీధి వీధికీ నడిచారు. 2019 మార్చిలో బాఘూజ్‌లో వాళ్ళ చివరి జాగా పోయింది. ఉద్యమం పోయిందా? 2024 ఆగస్టు 23న మా జర్మనీలోనే, జోలింగెన్ ఊరి ఉత్సవంలో, ఒకడు కత్తితో ముగ్గురిని చంపాడు. ఐసిస్ అది తమ పనే అంది. కత్తి పట్టుకుని జాతరలో నడిచేవాడి మీద ఏ విమానం వెళ్తుంది?

హైదరాబాద్‌లోనూ అంతే. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్ళీ పేలాయి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో నేరస్తులను పట్టుకున్నది దర్యాప్తు. 2016లో శిక్ష వేసింది కోర్టు. అద్దె గది, సిమ్ కార్డు, సాక్షి. ఇవీ అక్కడ పనికొచ్చిన ఆయుధాలు.

తప్పు చోట పడిన బాంబు గురించి జర్మన్లకు కూడా తెలుసు. 2009 సెప్టెంబర్‌లో కుందూజ్‌లో తాలిబాన్లు రెండు ఆయిల్ ట్యాంకర్లు ఎత్తుకెళ్ళారు. ఒక జర్మన్ కర్నల్ అడిగితే అమెరికా విమానాలు బాంబులు వేశాయి. అక్కడ పెట్రోలు పట్టుకోవడానికి వచ్చిన ఊరివాళ్ళు కూడా ఉన్నారు. సుమారు వంద మంది చనిపోయారు. ఇక్కడ ఒక మంత్రి రాజీనామా చేశాడు. 2021 ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్‌లోకి నడిచి వచ్చారు. ఇరవై ఏళ్ళు ఆ దేశం మీద విమానాలు ఎగిరాక.

సిందూర్ గురించి కూడా ఒక మాట. పక్క దేశం ఉగ్రవాదులకు నీడ ఇస్తే, దానికి ధర చెల్లించాలని చెప్పడానికి దాడి చేయవచ్చు అంటారు. ఆ వాదనలో బలం ఉంది. కానీ అది ఒక ప్రభుత్వాన్ని భయపెట్టే వాదన. ఉద్యమాన్ని ముగించే వాదన కాదు. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తర్వాత ఇలాగే సంబరపడ్డాం. ఆరేళ్ళకు పహల్గామ్ వచ్చింది. దాడి అవసరమా, కాదా అని వాదించుకోండి. పీడ విరగడైందని మాత్రం అనుకోకండి.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. మహాభారతం సర్పయాగం కథతో మొదలవుతుంది. తక్షకుడు పరీక్షిత్తును కాటేసి చంపాడు. కొడుకు జనమేజయుడు ఒక్క పామును వదిలి పాము జాతినే కాల్చాలని యాగం పెట్టాడు. మంత్రం చదివితే ఆకాశం నుంచి పాములు వచ్చి నిప్పులో పడ్డాయి. ఏ తప్పూ చేయనివి ఎన్ని పోయాయో లెక్కలేదు. చివరికి ఆస్తీకుడు అనే చిన్నవాడు వచ్చి మాటలతో ఆ యాగాన్ని ఆపాడు. తక్షకుడు మాత్రం బతికిపోయాడు! గుడిలో పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు వాళ్ళు మొదట అడిగేది అదే: "మరి అసలు దొంగ తప్పించుకున్నాడా?" అవును, తప్పించుకున్నాడు.

వాదాన్ని ఎవరు ఓడిస్తారు అంటే, నేను ఉండే ఈ ఊరినే చూపిస్తాను. 1338లో డెగ్గెన్‌డార్ఫ్ జనం తమ ఊళ్ళోని యూదులను చంపేశారు. తర్వాత, యూదులు క్రైస్తవుల పవిత్ర ప్రసాదాన్ని అపవిత్రం చేశారని ఒక కట్టుకథ పుట్టింది. ఆ కథ మీద ఒక తీర్థయాత్ర నడిచింది. ప్రతి ఏడాదీ భక్తులు వచ్చేవాళ్ళు. హిట్లర్ వచ్చాడు, పోయాడు. రేగెన్స్‌బుర్గ్ విమాన కర్మాగారం మీద 1943లో అమెరికా బాంబులు పడ్డాయి. నాజీ రాజ్యం కూలింది. తెరేజియన్‌స్టాట్ నుంచి బతికి బయటపడ్డ యూదులు 1945 తర్వాత ఈ ఊళ్ళోనే శరణార్థి శిబిరంలో ఉన్నారు. అయినా ఆ యాత్ర ఆగలేదు! 1992లో, చరిత్ర పరిశోధకులు అది కట్టుకథ అని చూపించాక, రేగెన్స్‌బుర్గ్ బిషప్ దాన్ని ముగించారు. ఆ కథను ఆపడానికి పుస్తకం చదివేవాళ్ళు, తమ గుడి గురించి తామే నిజం ఒప్పుకునేవాళ్ళు కావలసి వచ్చింది.

నేను ఆ చర్చి పక్కనుంచి నడిచినప్పుడు మన గుడి గురించి ఆలోచిస్తాను. పిల్లలకు మేం ఏ కథలు చెబుతున్నాం? పక్క మతం వాళ్ళ గురించి వాట్సాప్‌లో ఏం పంపుతున్నాం? దూరంగా ఉన్నవాళ్ళకు బాంబు చిన్నగా కనిపిస్తుంది. మనం చాలా దూరంగా ఉన్నాం. "లేపేయాలి", "తుడిచేయాలి" అనే క్రియలు మన పిల్లలు తెలుగులో చాలా తొందరగా నేర్చుకుంటున్నారు. వాళ్ళకు ఆ క్రియల ముందు కర్మ ఎవరో కూడా నేర్పాలి. ఎవరిని లేపేయాలి? వాళ్ళ పేరు ఏమిటి? వాళ్ళ ఇంట్లో ఇంకా ఎవరున్నారు?

ఈసారి అభ్యాసం. "విరమించు", "లొంగిపోవు", "అణచివేయు", "ముగియు" అనే నాలుగు క్రియలతో నాలుగు వాక్యాలు రాయండి. ఒక్కొక్క వాక్యంలో కర్త ఎవరో గీత గీసి చూపించండి. మొదటి రెండు క్రియలకు కర్త ఉద్యమకారుడు. మూడోదానికి ప్రభుత్వం. నాలుగోదానికి ఎవరు? నేను నా జవాబు రాసుకున్నాను. మీది రాసి పంపండి.